మూడు చీరల వదిన

పామిడిలో మా పక్కిల్లే ఫోటో స్టూడియో. దాని ఓనరు పెండ్లాన్ని నేను వదినా అని పిలిచేదాన్ని. డేరా సినిమాలో ఆటకు ముందేసే చీరల కొట్టు ప్రకటనకు ఫోటోలు కావల్లంటే, ఊర్లో ఏ ఆడమనిషీ కెమెరా ముందు కూర్చునేదానికి ఒప్పుకోలేదు. వదిన కూర్చునింది.

స్టూడియోకు కరెంటు లేదు. అద్దాల కప్పులోంచి దిగే ఎండతోనే పని. చీర మార్చుకునేలోగా ఎండ జరిగిపోతుందని, వదిన పొద్దున్నే మూడు చీరలూ ఒకదాని మీదొకటి కట్టుకునేది. చివరి ఫోటోకు కావాల్సింది అడుగున, మొదటిది పైన. ఒక ఫోటో అయితే ఒక చీర విప్పి పక్కన పడేసేది. వేసవిలో చెమటలు కారిపోతాన్నా మొహంలో నవ్వు పోనిచ్చేది కాదు.

ఒకరోజు రెండో చీరలో ఉండగా వాళ్ల మామ తలుపు తోసుకుని వచ్చినాడు.

"మన ఇంటి కోడల్ని డేరాలో ఊరంతా సూడల్లనా?"

"సూడకపోతే చీరలెట్ల అమ్ముడుపోతాయి మామా? ఎండకు అడ్డం నిలబడినావు, రోంత పక్కకు జరుగు."

ఆయన జరిగినాడు.

ఆ వారం డేరాలో తెర మీద వదిన బొమ్మ పడింది. మగోళ్ల పక్క ఈలలు. ఆడోళ్ల మధ్యలోంచి వదిన లేచి నిలబడింది.

"కూర్చోమ్మా, బొమ్మ కనపడల్లేదు" అని ఈల వేసినోడే అరిచినాడు.

వదిన వాని పక్కకు తిరిగింది.

"బొమ్మ ఎందుకప్పా? నేను ఈడనే ఉండా, సూడు."