డ్రింక్‌వాటర్ ఇంటిపేరున్నవాళ్ళు

2022 ఫిబ్రవరి. న్యూజెర్సీలో ఎడిసన్‌కి దగ్గరగా ఉన్న ఒక హాస్పిటల్‌లో నేను మెడికల్ సోషల్ వర్కర్‌ని. వైద్యం డాక్టర్లూ నర్సులూ చూసుకుంటారు. పేషెంటు ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తాడు, ఎవరు చూసుకుంటారు, అతను నోరు విప్పలేని స్థితిలో ఉంటే అతని తరఫున ఎవరు నిర్ణయం తీసుకుంటారు, ఇవీ మా పనులు. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. ఇంటిపేరు కూడా అసలుది కాదు. అంతే అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు ఒకటి వెతికి పెట్టాను.

రైలు కోసం నిలబడి ప్లాట్‌ఫారమ్ మీద పడిపోయిన ఒక తెల్లాయన్ని అంబులెన్స్‌లో తీసుకొచ్చారు. డెబ్భై దాటి ఉంటాయి. పెద్ద స్ట్రోక్. జేబులోని ఐడీ మీద రేమండ్ డ్రింక్‌వాటర్ అని ఉంది. అద్దెగదిలో ఒంటరిగా ఉంటాడనీ, ఆయన కోసం ఎవరైనా రావడం ఎప్పుడూ చూడలేదనీ ఇంటి ఓనరు చెప్పాడు. స్పృహ లేదు. ముక్కులోంచి సన్నటి ట్యూబ్ వేసి ఆహారం ఇస్తున్నారు. ముందు ముందు ఏం చేయాలన్నా నెక్స్ట్ ఆఫ్ కిన్, అంటే చట్టప్రకారం దగ్గరి బంధువు, కావాలి. ఎవరూ దొరక్కపోతే కోర్టు ఒక గార్డియన్‌ని పెడుతుంది. ఆ గార్డియన్‌కి ఈ మనిషి ముక్కూమొహం తెలియదు.

స్మిత్ లాంటి వీధివీధినా ఉండే ఇంటిపేరయితే ఆశ వదులుకునేదాన్నే. డ్రింక్‌వాటర్లు మా రాష్ట్రంలో కొద్దిమందే కనబడ్డారు. ఫోన్లు మొదలుపెట్టాను. జబ్బేమిటో, మనిషి ఎలా ఉంటాడో చెప్పకూడదు. రేమండ్ అనే బంధువు ఉన్నాడా అని మాత్రం అడగొచ్చు.

మొదటి అబ్బాయి నాటకాల్లో వేస్తాడట. "అది నా స్టేజ్ నేమ్ అండీ. మా అసలు పేరు పోలిష్. ఎవరికీ నోరు తిరగడం లేదని మార్చుకున్నాను," అన్నాడు.

రెండో ఆయన కర్టిస్, ట్రెంటన్‌లో ఒక చర్చి కాయిర్, అంటే పాటల బృందం, నడుపుతాడు. "మా పూర్వీకుణ్ణి బానిసగా కొన్నవాడి పేరు అది," అన్నాడు. "మీ రేమండ్ నల్లవాడా, తెల్లవాడా?"

"చెప్పకూడదండీ."

"సరే. తెల్లవాడే అయినా నాకు చుట్టం కాడని గ్యారంటీ ఏమీ లేదు." నవ్వాడు. తనవాళ్ళందరినీ అడిగి మర్నాడు తనే ఫోన్ చేశాడు. రేమండ్ అనేవాళ్ళు ఎవరూ లేరన్నాడు.

మూడో ఆవిడ ఈడిత్. రాష్ట్రం దక్షిణాన బ్లూబెర్రీ తోటల వైపు ఉంటుంది. ముసలి గొంతు. "రేమండ్ అని తమ్ముడుండేవాడు. చనిపోయాడు," అని ఫోన్ పెట్టేసింది.

మా పక్కూరు పిస్కాటవేలో ఫోన్ ఎత్తిన ఆవిడ నా ఇంగ్లీషు రెండు వాక్యాలు విని, "మీరు తెలుగువారా అండీ?" అంది. పేరు వసుంధర. ఫార్మా కంపెనీలో కెమిస్టుగా రిటైరయింది. భర్త టామ్ పోయాడు. ఆయన ఇంటిపేరే ఉంచుకుంది.

"పెళ్ళయిన కొత్తలో మా అన్నయ్య ఫోన్ చేస్తే 'మంచినీళ్ళమ్మా, ఎలా ఉన్నావే' అనేవాడు. కూతురిది కూడా అదే పేరు కదా, ఇంక మార్చుకోలేదు. టామ్ వాళ్ళలో రేమండ్ ఎవరూ లేరండీ. ఇంతకీ పాపం, ఆయనకి ఎవరూ లేరా?"

"వెతుకుతున్నానండీ."

ఎవరూ లేని పేషెంట్ల పక్కన కూర్చునే వాలంటీర్ ప్రోగ్రామ్ మా దగ్గర ఉంది. అడిగింది కాబట్టి చెప్పాను. చెకప్పులూ ట్రెయినింగూ పూర్తిచేసి, మార్చిలో నిజంగానే వచ్చింది.

అప్పటికి రేమండ్‌కి తెలివి వచ్చింది. మాట రాదు, మింగలేడు, కుడివైపు కదలదు. కానీ అడిగింది అర్థమవుతోందని స్పీచ్ థెరపిస్టు తేల్చింది. ఎడమచేతి బొటనవేలు పైకెత్తితే అవును, కిందికి దించితే కాదు. బంధువులున్నారా అని అడిగాను. చెయ్యి కదపలేదు. ముక్కులో ట్యూబ్ ఎంతో కాలం ఉంచకూడదు. పొట్టలోకి నేరుగా ఫీడింగ్ ట్యూబ్ వేయాలి. లేదంటే ఏమవుతుందో డాక్టరు ఆయనకి విడమరిచి చెప్పింది. ఆలోచించుకోమంది.

ఆ వారంలోనే ఈడిత్ ఫోన్ చేసింది. "చనిపోయాడన్నాను కదా, వాడి గురించి మా ఇంట్లో అలాగే అంటాం. వాడు బతికే ఉన్నాడు కదూ?"

కొడుకు కారులో దింపితే, చేతికర్ర పట్టుకుని వచ్చింది. గదిలో మంచం పక్కన వసుంధర కూర్చుని ఉంది. ఆమె బ్యాడ్జి చూసి ఈడిత్ ఆగిపోయింది.

"మీరు డ్రింక్‌వాటరా? ఎవరి తాలూకు?"

"మావారిది కనెటికట్ అండీ. మీకేమీ కాము."

"మరి ఇక్కడెందుకున్నారు?"

"ఎవరూ లేరన్నారు. అందుకని."

రేమండ్ అక్కని చూశాడు. పనిచేసే చేత్తో మొహం కప్పేసుకున్నాడు. ఎంతకీ తీయలేదు. కాసేపటికి డాక్టరు వచ్చి ట్యూబ్ సంగతి అడిగితే ఆ చెయ్యి కిందికి వచ్చింది, బొటనవేలు కిందికి తిరిగింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే.

బయట కారిడార్‌లో ఈడిత్ చెప్పింది. ఏళ్ళ క్రితం చలికాలంలో ట్రక్కు నడిపింది రేమండ్. తాగి ఉన్నాడు. పక్క సీట్లో ఉన్నది ఈడిత్ కూతురు. యాక్సిడెంటులో రేమండ్ బతికాడు, ఆ పిల్ల బతకలేదు. జైలు నుంచి వచ్చాక అతను ఇంటి వైపు రాలేదు, వీళ్ళూ రమ్మనలేదు.

"చట్టప్రకారం మిమ్మల్ని అడగాల్సిన పరిస్థితి కాదు," అన్నాను. "ఆయన నిర్ణయం ఆయన చెప్పారు."

"ఇవాళ చెప్పింది లెక్కలోకి తీసుకోకండి," అంది. "నన్ను చూసి అన్నాడు ఆ మాట. రేపు అడగండి. నేను ముందు వాడితో మాట్లాడాలి."

సబబుగా తోచింది. డాక్టరు కూడా ఒప్పుకుంది. మర్నాడు రేమండ్‌ని అడిగి, ఆయన ఒప్పుకున్నాకే ఈడిత్‌ని లోపలికి రానిచ్చాం. వసుంధర లేవబోతే రేమండ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఉండిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"రేమండ్," అంది ఈడిత్. "నిన్ను క్షమించానని చెప్పడానికి రాలేదు. అది నావల్ల కాలేదు. నువ్వు తిండి లేక పోకూడదని చెప్పడానికి వచ్చాను. నీకు నిజంగా ఈ బతుకు చాలనిపిస్తే వద్దని చెప్పు. నన్ను చూసి మాత్రం వద్దనకు."

ఆయన ఏడ్చాడు. స్ట్రోక్ వల్ల సగం మొహమే ఏడ్చింది. మధ్యాహ్నం ఈడిత్ గదిలో లేనప్పుడు డాక్టరు అడిగింది. బొటనవేలు పైకి లేచింది.

ట్యూబ్ వేశారు. వేసవిలో ఈడిత్ ఇంటికి దగ్గరగా ఉన్న నర్సింగ్ హోమ్‌కి పంపాం. ఆమె ఆదివారాలు వెళ్ళేది. కొడుకుకి కుదరనప్పుడు వసుంధర పిస్కాటవే నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి దింపేది. ఇద్దరు ఆడవాళ్ళూ దారిలో ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. రేమండ్ ఆ తర్వాత రెండేళ్ళ లోపే, నిద్రలో పోయాడు.

బంధువు దొరికితే సగం పని అయినట్టేనని ఈ ఉద్యోగంలో అందరం అనుకుంటాం. వచ్చినవాళ్ళు ప్రేమతో వచ్చారా, కోపంతో వచ్చారా అని నేనిప్పుడు చూడను. ఆ గదిలో అందరికంటే ఎక్కువ కోపం ఉన్న మనిషే అతని తరఫున సరైన మాట చెప్పడం కళ్ళారా చూశాను. పేషెంటు వద్దంటే ఆ మాట రాసుకుంటాను. రాసుకుని, అంతకుముందు గదిలోకి ఎవరొచ్చి వెళ్ళారో నర్సుని అడుగుతాను. మర్నాడు వెళ్ళి అదే ప్రశ్న ఇంకోసారి వేస్తాను.