మా మురళి కట్టిన నగరి, పుత్తూరు

నిన్న ఉదయం మురళి భార్య శైలజ ఫోన్ చేసి, "వదినా, ఆయన పోయినాడు" అంది.

"సరే" అన్నాను.

ఫోన్ పెట్టేశాక గానీ నా నోటి నుంచి ఏ మాట వచ్చిందో తెలియలేదు.

మురళి మా చిన్నాయన కొడుకు. నాకంటే ఆరేళ్లు చిన్న. రెండేళ్లుగా క్యాన్సర్. చివరి నెలల్లో మాత్రలకు కూడా నొప్పి లొంగలేదు.

అందుకే చెబుతున్నాను, తప్పుగా అనుకోకండి. ఏడుపు కంటే ముందు నాకు 'హమ్మయ్య' అనిపించింది. చిత్తూరులో, తన ఇంట్లో, నిద్రలోనే పోయాడు.

వాడు క్లౌడ్ డేటాబేస్ ఇంజనీరు. నాకు అర్థమైనంత వరకు పని ఇదీ. ఆసుపత్రుల రికార్డులు ఉండే సర్వర్లలో ఒకటి పడిపోతే, ఇంకొకటి వెంటనే ఆ పని అందుకోవాలి. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి ఏమీ తెలియకూడదు.

ఆ సర్వర్లకు మా వైపు ఊళ్ల పేర్లే పెట్టాడు. ముందుండేది నగరి. వెనక కాపు కాసేది పుత్తూరు.

"ఎముక ఇరిగితే కట్టు కట్టి నిలబెట్టేది పుత్తూరే గదక్కా!"

ఒకసారి తిరుపతిలో మా ఇంటి వరండాలో కూర్చుని ఫోన్‌లో అంటున్నాడు.

"పదింటికి నగరిని చంపేయండబ్బా. ఏం కాదు."

మా అమ్మ చేతిలో చేట వదిలేసి వచ్చింది.

"రేయ్, నగరిలో మా చెల్లెలు ఉండాదిరా! అదేం పాపం సేసింది?"

పొట్ట పట్టుకుని నవ్వాడు. సర్వర్ నిజంగా పడిపోయే రోజు కోసం ఎదురుచూడకుండా, పట్టపగలు తామే ఒకదాన్ని ఆపి, రెండోది అందుకుంటుందో లేదో చూస్తారట.

జబ్బు ముదిరాక వాడి దిగులంతా ఆఫీసులో తన కింద పనిచేసే పిల్లల గురించే. "నేను లేకుంటే ఆ పిల్లోళ్లు నిలబెట్టుకుంటారా?"

మంచంలో కూడా లాప్‌టాప్ మూయలేదు. శైలజ ఏడ్చినా వినలేదు.

మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చి, ఆఫీసు వాళ్లకు చెప్పేశాడు. "ఈ వారం నేను చచ్చిపోయినాననుకోండి."

ఫోన్ ఆపి నా చేతికిచ్చాడు. బీరువాలో పెట్టి తాళం వేశాను.

మొదటి రోజే మూడుసార్లు అడిగాడు. "ఒక్కసారి చూసి ఇచ్చేస్తానక్కా."

"చచ్చినోడికి ఫోనెందుకురా?" అనేసి నాలుక కరుచుకున్నాను.

వాడు మాత్రం పడీపడీ నవ్వాడు.

వారం తర్వాత ఫోన్ ఆన్ చేశాడు. మధ్యలో ఒక సర్వర్ నిజంగానే పడిపోయిందట. పిల్లలే చూసుకున్నారు. వాడికి ఒక్క కాల్ కూడా చేయలేదు.

"నన్ను మర్చేపోయినారక్కా!" అంటూ రెండో ముద్ద సంగటి పెట్టించుకున్నాడు. ఎన్ని నెలలకో.

ఆ తర్వాత లాప్‌టాప్ అడగలేదు.

నిన్న చిత్తూరులో వాడి ఇంటికి ఆ పిల్లలు ఆరుగురూ వచ్చారు. వాళ్లలో పెద్దమ్మాయి కవిత నా పక్కన కూర్చుంది.

"ఈ పొద్దు ఏ ఆసుపత్రిలోనూ ఏదీ ఆగలేదమ్మా" అంది.

ఆ మాట చెప్పాకే ఏడ్చింది. నేనూ అప్పుడే.

పోయిరా మురళీ. నొప్పి లేని చోట హాయిగా పడుకో నాయనా.