సొంత దూతలతో జవాబు

థామసిన్ గురించి చెప్పాలంటే ముందు ఆమె మొగుడి గురించి చెప్పాలి. కటకటాలు ఊడదీసినందుకు కటకటాల వెనక్కి పోయిన మనిషి అతను. ఈ మాట చెప్పుకుని మా పేటలో చాలాకాలం నవ్వుకున్నారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అతని విడుదల ఆలస్యమవడానికి కారణమైనవాళ్ళలో నేనూ ఒకణ్ణి మరి.

నేను పడవవాణ్ణి, పేరు క్రిస్పిన్. థేమ్స్ నది దక్షిణపు ఒడ్డు నుంచి పార్లమెంటు కొలువుండే వెస్ట్‌మినిస్టర్ మెట్ల దాకా ముప్పయ్యేళ్ళుగా మనుషుల్ని దాటిస్తున్నాను. పెద్దల సభవాళ్ళూ నా పడవ ఎక్కారు, సామాన్యుల సభవాళ్ళూ ఎక్కారు. గాలి వీస్తే ఇద్దరూ ఒకేలా పడవ అంచు పట్టుకుంటారు. మెట్లెక్కి లోపలికి పోయాకే వస్తుంది తంటా అంతా.

థామసిన్ మొగుడు ఆంబ్రోస్ వడ్రంగి. మంచి పనివాడే గానీ మహా చాదస్తం. చేతిలో కాగితం పెట్టందే ఉలి ఎత్తేవాడు కాదు. చర్చిలో రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభువు బల్ల చుట్టూ కటకటాలు కట్టించమని బిషప్పుగారి దగ్గర నుంచి ఆజ్ఞ వచ్చినప్పుడు, ఆ ఆజ్ఞ తన కళ్ళతో చదువుకున్నాకే ఓక్ దూలాలు కోయించాడు. నలభై రెండు కడ్డీలు, ఒక్కొక్కటీ తరిణె పట్టి నునుపు చేశాడు. మా పేటలో సగం మందికి ఆ కటకటాలు భక్తి. మిగతా సగానికి రోము పోపు మతం పోకడ, అంటే పాపం. ఆంబ్రోస్‌కు మాత్రం అవి నలభై రెండు కడ్డీలు, అంతే.

పదహారు వందల నలభై ఒకటి సెప్టెంబరులో సామాన్యుల సభ ఒక ఆజ్ఞ వేసింది, చర్చిల్లో ఆ కటకటాలు తీసేయమని. మర్నాడే పెద్దల సభ తన పాత ఆజ్ఞ ఒకటి మళ్ళీ అచ్చుకు పంపింది, ఆరాధన ఇప్పటిదాకా ఎలా జరిగిందో అలాగే జరగాలి, అడ్డం వచ్చినవాడికి శిక్ష తప్పదని. రెండింటికీ మధ్య తేడా ఒక్క రోజు. మా పేటకు మొదటిది ముందు చేరింది. చర్చి పెద్ద హంఫ్రీ డాకెట్ దాన్ని ఊపుకుంటూ వచ్చాడు. ఆంబ్రోస్ రెండుసార్లు చదివాడు, మూడు రోజుల్లో కడ్డీలన్నీ విప్పాడు. ఒక్కటి విరగ్గొట్టలేదు. ఒక్కోదాని మీదా సుద్దతో అంకె వేసి గంటల గదిలో పేర్చాడు. తర్వాత రెండో కాగితం వచ్చింది. దాంతో పాటు భటుడూ వచ్చాడు.

"అయ్యా, ఇదుగో పార్లమెంటు కాగితం. చూడండి," అన్నాడు ఆంబ్రోస్.

"అది సగం పార్లమెంటయ్యా. నా దగ్గరున్నది మిగతా సగం," అన్నాడు భటుడు.

"మరి రెండు సగాలూ కలిపి ఎవరి దగ్గరుంది?"

"నన్నడిగితే నేనేం చెప్తాను? పద, పద."

చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు. అప్పటికే రెండు సభలూ ఆరు వారాలు సెలవు పుచ్చుకుని ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. హంఫ్రీ డాకెట్ ఆ వారమంతా జ్వరమని పడుకున్నాడు. ఆంబ్రోస్ నది పక్కనున్న జైల్లో, నీళ్ళు ఊరే గదిలో పడ్డాడు.

థామసిన్ చేతి తొడుగులు కుట్టేది. మనిషి పేరు మర్చిపోతుందేమో గానీ చేతి కొలత మర్చిపోదు. నన్ను వీధిలో చూస్తే పలకరించే ముందు నా చేతులు చూసేది, "అన్నా, కుడి బొటనవేలు మళ్ళీ పగిలిందే," అనేది. జైలుకు వెళ్ళినప్పుడల్లా మొగుడి చెయ్యి ఊచల్లోంచి బయటికి పెట్టించి దారంతో కొలిచి ముడి వేసుకునేది. ఆ కొలతకు తొడుగులు కుట్టి తీసుకెళ్ళేది. సెప్టెంబరులో కుట్టినవి అక్టోబరులో పట్టలేదు. ఆ చెమ్మకు అతని వేళ్ళ కణుపులు వాచిపోతున్నాయి.

"ఉలి పట్టేది ఈ మూడు వేళ్ళేనన్నా," అంది నాతో ఓసారి, దారానికి వేసిన ముళ్ళు చూపిస్తూ. "చలి ముదిరేలోగా బయటికొస్తే వెనక్కి వస్తాయి. రాకపోతే ఇంక రావు."

అందుకే ఆవిడ తొందర. సభలు తెరిచిన రోజు నుంచీ నా పడవలో రోజూ వెస్ట్‌మినిస్టర్‌కు వచ్చి, అర్జీ పట్టుకుని గుమ్మాల దగ్గర నిలబడేది. కాళ్ళరిగేలా తిరిగింది. సామాన్యుల గుమ్మం దగ్గరికెళితే, "పాపం, మా ఆజ్ఞ పాటించినవాడే, కానీ బంధించింది పెద్దలు కదమ్మా," అనేవాళ్ళు. పెద్దల గుమ్మం దగ్గరికెళితే, "ఆ ఆజ్ఞ ఇచ్చినవాళ్ళనే అడుగు," అనేవాళ్ళు. అసలు సంగతి నాకు ఆలస్యంగా బోధపడింది. ఆంబ్రోస్‌ను వదిలితే పెద్దల ఆజ్ఞ తప్పని ఒప్పుకున్నట్టు. వదలకపోతే సామాన్యుల ఆజ్ఞకు విలువ లేనట్టు. ఏదీ తేల్చకుండా ఉంటే రెండు సభల పరువూ దక్కుతుంది. పోయేది వడ్రంగి వేళ్ళే కదా.

అంతలో ఐర్లండులో తిరుగుబాటన్నారు. సైన్యం పంపాలన్నారు. ఆ సైన్యం రాజు చేతికివ్వాలా, పార్లమెంటు చేతిలో పెట్టుకోవాలా అని కొత్త రగడ. కటకటాల మాట ఎవరెత్తినా, "ఇప్పుడదా?" అని విసుక్కునేవాళ్ళు. డిసెంబరు చివర బిషప్పుల్నే పన్నెండు మందిని పట్టుకుని జైల్లో వేశారు. కటకటాలు కట్టమన్నవాళ్ళూ లోపలే, తీసినవాడూ లోపలే. ఇంతకీ ఈ దేశంలో ఎవరి మాట నెగ్గిందో చెప్పగలిగినవాడు ఒక్కడు కనబడితే వాణ్ణి ఊరికే దాటిద్దామనుకున్నాను.

జనవరిలో రాజు ఊరు వదిలి వెళ్ళిపోయాడు. రాజు బంధించబోతే తప్పించుకుని దాక్కున్న సామాన్యుల సభవాళ్ళను మా పడవలవాళ్ళమే జెండాలు కట్టుకుని, ఏటి మీద ఊరేగించుకుంటూ మెట్ల దాకా దిగబెట్టాం. నేనూ గొంతు చించుకున్నాను. ఇక అన్నీ చక్కబడిపోతాయని నిజంగా నమ్మాను. థామసిన్‌కూ అదే చెప్పాను.

ఆ తర్వాత రెండు వారాలకు, కటకటాల కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళను వదలమని సామాన్యుల సభ పెద్దలకు కబురు పంపింది. జాబితాలో ఆంబ్రోస్ పేరుంది. సాయంత్రం గుమ్మం కాపలాదారు రూబెన్ మెట్ల మీద కనబడితే ఆత్రంగా అడిగాను, పెద్దలు ఏమన్నారని.

"సొంత దూతలతో జవాబు పంపుతామన్నారు," అన్నాడు రూబెన్ వెళ్ళిపోతూ.

నేను ఇంకో బేరం కూడా చూసుకోకుండా తెడ్లు విరిగేలా తోసుకుంటూ వచ్చాను. థామసిన్ ఇంట్లో అడుగుపెడుతూనే చెప్పాను, "చెల్లెమ్మా, పని అయింది. జవాబు పంపుతున్నారట. అది కూడా సొంత దూతలతోనట."

"ఎక్కడికి, మా ఇంటికా?"

"మరెక్కడికి? అర్జీ ఇచ్చింది నువ్వేగా. నువ్వు ఇల్లు కదలకు. వాళ్ళొచ్చేసరికి గుమ్మానికి తాళం కనబడితే అలాగే వెనక్కి పోతారు."

ఆ సలహా ఇచ్చింది నేనే. నా నోటితోనే ఇచ్చాను.

ఆవిడ ఇల్లు కడిగింది. గుమ్మం ముందు బురదలో ఇసుక పోయించింది. వచ్చేవాళ్ళు పెద్దల మనుషులు కదా అని మలుగు చేపలు లోపల పెట్టి రొట్టె కాల్చింది. వాళ్ళు రాలేదు. ఆ రొట్టె పక్కింటి పిల్లలు తిన్నారు, మర్నాడు ఇంకోటి కాల్చింది. కుట్టుపని కిటికీ దగ్గరికి జరుపుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేది. జైలుకు వెళ్ళలేదు. వెస్ట్‌మినిస్టర్‌కూ రాలేదు. పదకొండు రోజులు.

పన్నెండో రోజున రూబెనే నన్ను పిలిచాడు. "ఏరా క్రిస్పిన్, ఆ తొడుగుల మనిషి ఏమైపోయింది? ఆరు రోజుల కిందట పెద్దల గుమ్మం దగ్గర రెండుసార్లు పేరు పిలిచారు. జామీను ఉండేవాళ్ళెవరైనా వస్తే ముగ్గుర్ని వదిలేద్దామనుకున్నార్రా. ఇద్దరి తాలూకు మనుషులు వచ్చారు, వదిలేశారు. ఈవిడ పలకలేదు. అర్జీ అడుక్కి పోయింది."

"ఇంటి దగ్గర దూతల కోసం చూస్తోంది. నువ్వేగా చెప్పావు," అన్నాను.

రూబెన్ మొదట పకపకా నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు. "ముప్పయ్యేళ్ళుగా వాళ్ళని మోస్తున్నావు, ఆ మాటకు అర్థం తెలీదట్రా నీకు? ఇప్పుడేం చెప్పం, పొండి అని. మొహం మీద కాదనలేకపోతే ఈ సభ ఆ సభతో అనే మాట అది. రోజుకు నాలుగుసార్లు అనుకుంటారు."

"మరి దూతలు?"

"ఈ గదిలోంచి ఆ గదిలోకి పోయేవాళ్ళురా. అది కూడా బుద్ధి పుడితే."

ఆ రోజు అవతలి ఒడ్డుకు ఎలా వచ్చానో నాకే తెలీదు. థామసిన్‌కు అంతా చెప్పాను. తిట్టమని నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. బల్ల మీదున్న చేపల రొట్టె వైపు చూసింది, తర్వాత దారం చేతిలోకి తీసుకుంది.

"ఈ పదకొండు రోజులూ ఆయన చెయ్యి చూడలేదన్నా నేను," అంది.

వెంటనే జైలుకు తీసుకెళ్ళాను. కొలిచింది. కొత్త ముడి ఎంత దూరంలో పడిందో నన్ను చూడనివ్వలేదు.

మార్చి నెలలో ఓ రోజు రెండు సభలవాళ్ళూ మాట్లాడుకునే గది తలుపు సందులోంచి రూబెన్ నన్ను చూడనిచ్చాడు. పెద్దలు టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. సామాన్యుల సభవాళ్ళు టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అది వాళ్ళ పద్ధతట. సైన్యం ఎవరి చేతిలో ఉండాలన్నది ఆ వారంలోనే తేలిపోయింది, రాజు ఒప్పుకున్నా మానినా పార్లమెంటు చేతిలోనేనని. దేశంలో కత్తులన్నిటి గురించీ కూర్చున్నవాళ్ళూ నిలబడ్డవాళ్ళూ ఒప్పుకోగలిగారు. నలభై రెండు కర్రల గురించి ఒప్పుకోలేకపోయారు. కోపం పట్టలేక మెట్ల మీద ఉమ్మేశాను. రూబెన్ నా చేతే తుడిపించాడు.

మే నెలలో పెద్దల్లో చాలామంది రాజు దగ్గరికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకు పాత ఖైదీలతో పనిలేకపోయింది. ఆంబ్రోస్‌ను వదిలేశారు. తప్పు చేశాడని గానీ చేయలేదని గానీ ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. నా పడవలోనే తీసుకొచ్చాను. దిగేటప్పుడు చెయ్యి అందిస్తే పట్టుకోలేకపోయాడు, మోచెయ్యి పట్టుకుని దింపాను. కుడి చేతి బొటనవేలు మిగతా వేళ్ళను ముట్టుకోదు. ఉలి సంగతి అటుంచి చెంచా కూడా ఎడం చేత్తోనే.

ఆదివారం చర్చికి వెళితే కటకటాలు మళ్ళీ ఉన్నాయి. పాస్టరుగారు వేరే వడ్రంగితో పెట్టించారు. ఆంబ్రోస్ ప్రసంగమంతా వాటినే చూస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చాక, "పదిహేడూ ముప్పయ్యొకటీ తారుమారు చేశారు," అన్నాడు.

తర్వాత రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. ఏడాది గడిచింది. స్కాట్లు సైన్యమిచ్చి ఆదుకుంటామన్నారట, అయితే ముందు చర్చిలు తమకు నచ్చినట్టు మార్చాలన్నారట. అప్పటికి గానీ కటకటాల మీద రెండు సభలకూ ఏకాభిప్రాయం కుదరలేదు. నలభై మూడులో, వానలు మొదలైన రోజుల్లో, హంఫ్రీ డాకెట్ కొత్త కాగితం పట్టుకుని థామసిన్ ఇంటికి వచ్చాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను, చిరిగిన నా తొడుగు కుట్టించుకుంటూ.

"కటకటాలు తీసేయాలట ఆంబ్రోసూ. నవంబరు ఒకటో తేదీలోగా," అన్నాడు. "నువ్వు ఉలి పట్టుకోనక్కర్లేదు, పక్కన నిలబడి కుర్రాళ్ళకు కీళ్ళు చూపిస్తే చాలు. మళ్ళీ పెట్టినవాడు ఊళ్ళో లేడు, ఎక్కడ ఏ మేకుందో నీకు తప్ప ఇక్కడెవడికీ తెలీదు."

ఆంబ్రోస్ కాగితం ఎడం చేత్తో తీసుకున్నాడు. అలవాటు ప్రకారం రెండుసార్లు చదివాడు.

"రెండు సభలదీనా?"

"రెండు సభలదీ. అక్షరం తేడా లేదు. ఈసారి నీకే భయమూ లేదు."

ఆంబ్రోస్ కాగితాన్ని బల్ల మీద పెట్టి, వంకర తిరిగిన వేళ్ళతోనే దాని మడతలు సాపు చేశాడు. థామసిన్ కుట్టు ఆపి అతని చేతినే చూస్తోంది. తర్వాత తలెత్తింది.

"మీ కబురు విన్నామండీ డాకెట్ గారూ," అంది చాలా మర్యాదగా. "మా సొంత దూతలతో జవాబు పంపుతాం."

హంఫ్రీకి ఆ మాటకు అర్థం తెలీదు. సంతోషపడ్డాడు. కాగితం మడుచుకుని, కృతజ్ఞతలు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ దూత నేనే అయి ఉంటానని కూడా అనుకున్నాడు, నా పడవ కనబడినప్పుడల్లా ఒడ్డుకు వచ్చి నిలబడేవాడు. ఎన్ని రోజులు నిలబడ్డాడో నేను లెక్కపెట్టాను. పన్నెండో రోజున ఎవరో చెప్పినట్టున్నారు, రావడం మానేశాడు.