సెకర్ గెలిచిన రోజు మా ఇంట్లో బొబ్బట్లు

మా చిన్నప్పుడు బ్యాడ్మింటన్ కోర్టంటే మస్కట్‌లోని వాడి కబీర్ అనే పేటలో మా బిల్డింగ్ వెనక కార్ల పార్కింగే. సాయంత్రం కార్లు రాకముందే రెండు స్తంభాలకి అమ్మ పాత చీర కట్టేసేవాళ్లం... అదే నెట్టు. ఎండకి కాలిన సిమెంటు చెప్పుల్లోంచి కూడా చురుక్కుమనేది.

నా జోడీ సెకర్. కింది ఫ్లాట్‌లో ఉండే ఇండోనేషియా వాళ్లమ్మాయి. నేను తొలిసారి "సెకర్‌తో ఆడుకుని వస్తా" అన్నప్పుడు అమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"ఆ శేఖర్ ఎవడే? ఆడపిల్లవి, మగపిల్లలతో ఆటలేంటి?"

వాళ్ల భాషలో సెకర్ అంటే పువ్వనీ, అది అమ్మాయి పేరనీ చెప్పి నమ్మించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత అదే అమ్మ, ఆ "శేఖర్"కి ముద్దపప్పూ ఆవకాయా కలిపి పెట్టేది. ఆ పిల్ల కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా ఇంకో ముద్ద అడిగేది.

తొమ్మిదో తరగతి సెలవులు అయిపోతుండగా, మాకు ఆట నేర్పే మలయాళీ సార్ మా ఇద్దర్నీ దుబాయ్‌లో పిల్లల టోర్నమెంటుకి పంపుతానన్నారు. డబుల్స్‌కి. ఆనందంతో మెట్లన్నీ గెంతుతూ ఎక్కాం...

అమ్మ వద్దంది. "పదో తరగతి. పరీక్షలయ్యాక చూద్దాం."

డబుల్స్ అంటే తెలుసుగా... ఒకరు ఆగిపోతే రెండోవాళ్లూ ఆగిపోవాల్సిందే. సెకర్ మా గుమ్మం దగ్గర నిలబడి "ఆంటీ, ప్లీజ్" అని ఎంత బతిమాలిందో! అమ్మ గిన్నెలు తోముకుంటూ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఇక్కడ జోడీ లేదని ఆ ఏడాదే వాళ్ల నాన్న సెకర్‌ని ఇండోనేషియాకి, జావాలోని ఓ బ్యాడ్మింటన్ క్లబ్బు హాస్టల్‌కి పంపేశారు. అంత చిన్న వయసులో అమ్మానాన్నల్ని వదిలి ఒక్కతే వెళ్లింది.

తర్వాత సెకర్ పెద్ద ప్లేయరయింది. వాళ్ల దేశం తరఫున మహిళల డబుల్స్ ఆడింది. నేను ఇక్కడే మస్కట్‌లో ఓ కంపెనీ అకౌంట్స్‌లో చేరాను, పెళ్లయింది, పక్క వీధిలోనే కాపురం.

అమ్మ మాత్రం సెకర్ ఆట ఒక్కటీ వదల్లేదు. స్కోరు ఎలా లెక్కపెడతారో ఇప్పటికీ ఆవిడకి తెలియదు... కానీ సెకర్ క్వార్టర్స్‌కి వస్తే మాకు గారెలు. సెమీస్‌కి వస్తే వంజరం చేపల పులుసు. ఒకసారి పెద్ద టోర్నమెంటు గెలిచింది చూడండి, ఆ రోజు ఇక్కడి బర్కా ఊరి ఖర్జూరాలు పూర్ణంగా పెట్టి బొబ్బట్లు! నా కంచంలో వేస్తూ ప్రతిసారీ అదే మాట: "ఆ పిల్ల పక్కన నువ్వుండాల్సినదానివే."

నాకర్థమయ్యేది... అది వంట కాదు, క్షమాపణ. అర్థమై కూడా ఏమీ అనకుండా తినేదాన్ని. బొబ్బట్లు బాగుండేవి మరి.

మోకాలికి ఆపరేషన్ అయ్యాక సెకర్ మునుపటిలా ఆడలేకపోయింది. జోడీ మారింది, మొదటి రౌండ్లలోనే ఓడిపోవడం మొదలైంది. పోయిన నెల చివరి మ్యాచ్ ఆడేసింది. కోర్టు మధ్యలో కూర్చుని ఏడుస్తుంటే జోడీ అమ్మాయి భుజం పట్టుకుని లేపింది. అమ్మా నేనూ ఫోన్‌లో చూస్తున్నాం. ఆ రోజు అమ్మ పొయ్యి వెలిగించలేదు.

ఇక ఆవిడ బాధ తీర్చేయాలనిపించింది. "అమ్మా, చాల్లే. నువ్వు పంపినా నేను రెండో రౌండ్ దాటేదాన్ని కాదు. సెకర్ ఆట వేరు."

"నాకు తెలుసే."

"తెలిస్తే మరి ఇన్నాళ్లూ ఈ బాధెందుకు?"

"అప్పుడే తెలుసే. బాల్కనీలోంచి రోజూ చూసేదాన్ని కదా. అక్కడికెళ్లి అందరి ముందూ ఓడిపోతావేమోనని భయమేసింది. పరీక్షలు ఊరికే అడ్డం పెట్టా. నువ్వు ఆడకముందే, నువ్వు ఓడిపోతావనుకున్నది నేనేనే. కన్నతల్లిని. నీకోసమని ఆ పిల్లని కూడా ఆపేశాను."

నేను చెప్పిందీ అదే కదా... అయినా అమ్మ నోట వినేసరికి కోపం రాలేదని చెప్పను. ఎవరితోనూ చెప్పుకోలేక ఇన్నేళ్లూ పూర్ణాలు చుడుతూ కూర్చుందే అని జాలీ వేసింది.

అప్పుడే గుర్తొచ్చింది. ఆ ముందు రోజే మా పాప స్విమ్మింగ్ పోటీకి పేరిస్తానంటే, "యూనిట్ టెస్టులున్నాయిగా" అన్నాను. నిజానికి టెస్టులు కాదు... పాప చివర్న వస్తుందని నా భయం. అమ్మ భయాన్నే నేనూ పాపకి అడ్డం పెట్టేశాను. తలుచుకుంటే సిగ్గేసింది.

ఇంటికెళ్లి పాప పేరిచ్చేశాను. అమ్మకి ఫోన్ చేసి చెబితే, "చివర్న వస్తే నాకు చెప్పవే, గారెలు చేస్తాను" అంది.

ఆ పార్కింగ్‌లో ఇప్పుడు చీర కట్టేంత జాగా లేదు, అన్నీ పెద్ద పెద్ద కార్లే. అటుగా వెళ్లినప్పుడల్లా ఆ బాల్కనీ వైపు చూస్తాను... అక్కణ్ణుంచి మా ఆట చూస్తూ అమ్మ ఎంత భయపడిందో అప్పట్లో మాకేం తెలుసు!

మీ ఇంట్లోనూ "పరీక్షలున్నాయి" అని ఏదో ఒకటి మాన్పించే ఉంటారు కదా... అసలు కారణం మీకెప్పటికి తెలిసింది?