పద్మం రేకుల్లో పసుపు

ఘంటసాల ఆరామం గురించి నేను ఖాయంగా చెప్పగలిగినవి రెండే. అక్కడ ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వారి కాలపు సున్నపురాతి శిల్పాలు కొన్ని ఇప్పుడు ఊళ్లోని మ్యూజియంలో ఉన్నాయి. ఆ శిల్పాలకు రంగులు పూసేవారన్నది మాత్రం మా విద్యార్థిని నోట విన్న మాట.

బందరు కాలేజీలో నేను రసాయన శాస్త్రం చెబుతాను. ఆ అమ్మాయి ప్రాజెక్టు మొత్తం ఆ రంగుల మీదే ఆధారపడి ఉంది. రుజువు దొరక్కపోతే అంశం మార్చుకోవాలని ముందే చెప్పాను. విద్యార్థులను బస్సులో ఘంటసాల తీసుకెళ్లినప్పుడు ఆ అమ్మాయి మ్యూజియంలో ప్రతి ఫలకాన్నీ వంగి వంగి చూసింది. ఎక్కడా రంగు జాడ లేదు. ముఖం చిన్నబోయింది.

బస్సు దగ్గరికి తిరిగి వస్తుంటే ఒక ఇంటి అరుగు పక్కన, సగం విరిగిన పద్మం చెక్కిన రాయి కనిపించింది. రేకుల సందుల్లో ముదురు పసుపుపచ్చ.

"సార్, ఇదిగోండి రంగు!"

"పసుపేమోనమ్మా."

"పసుపైతే పైపైనే ఉంటుంది కదండీ. ఇది గీతల లోపలుంది."

పక్కనున్న స్నేహితురాలు నవ్వింది. "ఆదివారం చర్చికెళ్లే ఇంట్లో గడపకి పసుపెవరు రాస్తారే, నీకు తెలియడానికి? మా గడప చెక్కుళ్లలో చూడు, కడిగినా పోదు."

అరుగు మీద ఇంటావిడ తాంబూలం వేసుకుంటున్నారు. ఆవిడ అనుమతితో రాయిని తడి రుమాలుతో అద్ది, రుమాలుకు అంటిన మరక మీద ఆవిడ డబ్బాలోని సున్నం రాశాను. పసుపైతే ఎర్రబడుతుంది, పాతకాలపు మట్టిరంగైతే మారదు.

"పారాణి కలుపుతున్నారా ఏంటండీ? పెళ్లెవరికి?" అన్నారావిడ.

మరక ఎర్రబడింది. అమ్మాయి వెళ్లి ఆవిడ పక్కనే కూర్చుంది.

"మామ్మగారూ, దీనికి పసుపెందుకు రాస్తారండీ?"

"అమ్మవారు కదమ్మా. మా అత్తగారు రాసేది, ఇప్పుడు నేను."

బస్సెక్కాక అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చింది. "సార్, భిక్షువులు వెళ్లిపోయాక ఈ రాళ్లని ఊరివాళ్లు ఎలా చూసుకున్నారో రాయనా?"

"దానికి రుజువు?"

"మీ జేబులో రుమాలుంది కదండీ!"

ఒప్పుకున్నాను. బందరు చేరేదాకా ఆమె పెన్ను ఆగలేదు.

పసుపు కింద పాత రంగు ఉందో లేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. రుమాలుకు అంటింది పైపొర మాత్రమే. గీకి చూస్తే తేలవచ్చు. ఆ రోజే ఆవిడను అడిగాను కూడా.

"నీళ్లు పోస్తాం గానీ, అమ్మవారిని గీకుతారటండీ ఎవరైనా?" అన్నారావిడ.