ఎస్తేరు పెద్దమ్మ చామాకు కూర

వెలిమెలలో మేముండే అపార్టుమెంటులో ఎదురు ఫ్లాటువాళ్ళు కేరళవాళ్ళు. ఆదివారం పొద్దున వాళ్ళ వంటింటి కిటికీలోంచి కొబ్బరిపాలలో పచ్చిమిర్చి ఉడుకుతున్న వాసన వస్తుంది. ముందు తియ్యగా తగిలి, ఆ వెనకనే గొంతులో చిన్న ఘాటు నిలిచిపోతుంది. ఆ వాసనకు చేస్తున్న పని ఆపేస్తాను. వాళ్ళు ఏ కూర వండుతారో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. నా కళ్ళకు మాత్రం కాజీపల్లిలో రేకుల కప్పు కింద, సన్నని మంట మీద గిన్నె పెట్టుకుని, గరిటె పక్కన పడేసి పీట మీద కూర్చున్న ఎస్తేరు పెద్దమ్మ కనిపిస్తుంది.

సంగారెడ్డిలో డిగ్రీ అయిపోగానే కాజీపల్లిలోని ఒక మందుల కంపెనీ ల్యాబులో నాకు ఉద్యోగం దొరికింది. మా ఊరి నుంచి రోజూ బస్సులో తిరగడం కుదరక దగ్గరలోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. పక్క గది ఎస్తేరు పెద్దమ్మది. యాభై దాటిన మనిషి. భర్త చిన్నవయసులోనే పోతే ఇద్దరు కొడుకులను తల్లి దగ్గర వదిలి, కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటిపని చేసి వచ్చింది. నేను వెళ్ళేనాటికి కంపెనీలకు పోయేవాళ్ళకు రెండు పూటలా వండిపెడుతూ ఉండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాత్రం పొయ్యి తన కోసం ముట్టించేది.

అలాంటి ఒక ఆదివారం ఆమె వాకిట్లో చాప మీద చామాకులు ఎండబెట్టి ఉండటం చూశాను. మా ఇళ్ళలో చామాకును పచ్చిగా ఉన్నప్పుడే చింతపండు పులుసు పోసి వండుతారు, లేకపోతే నోరు దురద పెడుతుంది. ఆమె ఆ ఎండిన ఆకులను అరచేతుల్లో నలిపి, అల్లం, వెల్లుల్లి వేసి మరుగుతున్న కొబ్బరిపాల మీద పరిచింది. పైన పదీ పన్నెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసింది. నేను సాయం చేద్దామని గరిటె అందుకుంటే నా మణికట్టు పట్టుకుంది.

“కలపకు బిడ్డా. పాలు ఆకుల్లకు దిగిందాక ముట్టొద్దు. ముట్టినవంటే గొంతు గోకుతనే ఉంటది.”

“చింతపండు ఏస్తే పోతది కద పెద్దమ్మా?”

“దీంట్ల చింతపండు ఎయ్యరు. ఇది మన కూర కాదు. ఫిలిప్పీన్స్ వాళ్ళది. లాయింగ్ అంటరు. లీటా నేర్పింది నాకు.”

ఆ కూర చూడటానికి బాగుండదు. నల్లపచ్చగా, ముద్దగా ఉంటుంది. మొదటి ముద్దకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ వెనకే కొబ్బరి మెత్తదనం వచ్చి ఆ మంటను సగానికి తగ్గించింది. ఇంకొంచెం పెట్టమని నేనే అడిగాను. ఆమె నవ్వలేదు గానీ, నా పళ్ళెం నింపింది.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు లీటా గురించి విన్నాను. కువైట్ ఇంట్లో పెద్దమ్మది వంట, లీటాది పిల్లల పని. ఇద్దరికీ కలిపి కిటికీ లేని ఒక గది. వచ్చీరాని హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడుకునేవాళ్ళట. లీటా వాళ్ళ అక్క ఊరి నుంచి ఎండిన ఆకులు పంపితే, ఇంటివాళ్ళు బయటికి వెళ్ళిన రోజు వండుకునేవాళ్ళు. పెద్దమ్మ తమ్ముడు చనిపోయినప్పుడు పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయి ఆమె రాలేకపోయింది. ఆ రోజు లీటా ఈ కూర వండి పక్కన కూర్చుని, చిన్నపిల్లకు పెట్టినట్టు ముద్దలు కలిపి పెట్టిందట. ఇంతవరకు చెప్పి పెద్దమ్మ ప్రతిసారీ ఆగిపోయేది. లీటా ఇప్పుడు ఎక్కడుందని అడిగితే “పోయింది” అనేది. చనిపోయిందనే అనుకున్నాను.

నేను చేరిన ఏడాదికి కంపెనీలో ప్రమాదం జరిగింది. మందులు తయారయ్యే రియాక్టర్ దగ్గర పనిచేసే సనాతన్ అనే ఒడిశా మనిషి చేయి, వాల్వులోంచి చిమ్మిన వేడి ద్రవం పడి మోచేతి దాకా కాలింది. నలభై ఏళ్ళు పైబడినవాడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. ఆ పొద్దున పరీక్షకు శాంపిల్ తేవడానికి నేను అక్కడికి వెళ్ళాను. వాల్వు కారుతోందని అతను సూపర్‌వైజర్‌తో చెప్పడం నా చెవులారా విన్నాను. “బ్యాచ్ అయిపోనీ, తర్వాత చూద్దాం” అని సూపర్‌వైజర్ అనడమూ విన్నాను. మర్నాడు సూపర్‌వైజర్ రాసి మేనేజర్ ముందు పెట్టిన కాగితంలో, సనాతన్ ఎవరికీ చెప్పకుండా తనంతట తానే వాల్వు తిప్పాడని ఉంది.

“నువ్వా టైమ్‌కి అక్కడికి వెళ్ళావట కదమ్మా. ఏమైనా విన్నావా?” అని మేనేజర్ అడిగాడు. సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉన్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. “మిషన్ల చప్పుడులో ఏమీ వినపడలేదు సార్” అన్నాను.

సాయంత్రం ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. తప్పు చేశానని చెప్పలేదు. ఎలా తప్పించుకున్నానో చెప్పాను. ఆమె బియ్యం కడుగుతున్నది కాస్తా ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

“లీటా ఎట్ల పోయిందో నీకు చెప్పలే కద,” అంది. “ఆ ఇంట్ల సిన్న పిలగాడు మెట్ల మీదికెల్లి పడ్డడు. తల పగిలింది. వాళ్ళ పెద్దబిడ్డ ఫోన్ల మాట్లాడుకుంట వాణ్ణి ఎత్తుకున్నది, జారిపడ్డడు. వంటింట్లకెల్లి నేను సూసిన. ఆ పిల్ల భయపడి లీటా చేతులకెల్లి పడ్డడని చెప్పింది. సేటు నన్ను పిలిచి, నువ్వేమన్న సూసినవా అని అడిగిండు.”

“నువ్వేమన్నవ్?”

“వంట్ల ఉన్న, సూడలే అన్న. నా పిల్లల ఫీజులు కండ్లల్ల మెదిలినయ్. రెండు దినాలల్ల లీటాను ఇంటికి తోలేసిండ్రు. నడిపొద్దున, నా ముంగటికెల్లే పోయింది.” బియ్యం గిన్నె దగ్గరికి లాక్కుంది. “పిలగాడు బతికిండు, మంచిగనే ఉన్నడు. నేను గూడ మంచిగనే ఉన్న. గా ఒక్కమాటతోని నాకు నష్టమేం కాలే బిడ్డా. గదే నన్ను తింటది.”

వెళ్ళి చెప్పు అని ఆమె నాతో అనలేదు. లేచి బియ్యం పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు నేను విన్నది విన్నట్టు రాసి, సంతకం చేసి మేనేజర్‌కు ఇచ్చాను. సనాతన్‌ను పనిలోంచి తీసే మాట ఆగిపోయింది, వైద్యం కంపెనీయే చేయించింది. రెండు నెలలకు నా పని బాగాలేదని నన్ను తీసేశారు. ఇస్నాపూర్ దగ్గర ఇంకో కంపెనీలో ఉద్యోగం దొరికేవరకు పెద్దమ్మ ఇంట్లోనే తిన్నాను. ఆ రోజుల్లో నన్ను ఆమె మెచ్చుకోనూ లేదు, ఓదార్చనూ లేదు. అన్నం వేళకు పిలిచేది, అంతే.

చాలా ఏళ్ళ తర్వాత, నా పెళ్ళయ్యాక, లీటా కోసం ఫోనులో వెతుకుదామా అని పెద్దమ్మను అడిగాను. ఇంటిపేరు, అగ్నిపర్వతం కనబడే ఒక ఊరి పేరు ఆమెకు గుర్తున్నాయి. కొన్ని వారాలకు లీటా కూతురు దొరికింది. తల్లి జబ్బుచేసి మూడేళ్ళ కిందటే పోయిందని రాసింది. పెద్దమ్మ చెప్పమన్నదంతా నేను ఇంగ్లీషులో రాసి పంపాను. జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది. దాన్ని తెలుగులో చదివి వినిపించాను.

“ఎస్తేర్ చూసిందని అమ్మకు తెలుసు. అమ్మ ఆ మాట మాతో చెప్పేది. ఆమె నోరు విప్పినా ఏమయ్యేది, ఇద్దరినీ పంపించేవాళ్ళు, అనేది.”

పెద్దమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది.

“పంపనీ,” అంది చివరికి. “ఇద్దరం కలిసి పోయేటోళ్ళం.”

ఆ అమ్మాయి ఇంకొక మాట కూడా రాసింది. అమ్మ పోయాక ఇంట్లో లాయింగ్ ఎవరికీ అమ్మ చేతిలా కుదరడం లేదట. ఏది ముందు వేసేదో, ఎంతసేపు ఉంచేదో ఎస్తేర్‌కు గుర్తుందా అని అడిగింది. పెద్దమ్మ ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. ఆకు ఎన్ని ఎండలు ఎండాలో, చిక్కటి పాలు ఎప్పుడు పోయాలో ఒక్కొక్కటే చెబుతుంటే నేను రాశాను. రాసింది రెండుసార్లు చదివించుకుంది. ఒకచోట నేను తప్పు రాస్తే దిద్దించింది. సంగారెడ్డి పక్కన పల్లెలో పుట్టిన మనిషి, సముద్రం అవతల ఒక బిడ్డకు ఆ బిడ్డ తల్లి వంటను తిరిగి ఇచ్చింది.

పెద్దమ్మ పోయి రెండేళ్ళవుతోంది. ఇప్పుడు నేను పనిచేసేచోట, ఏదైనా తప్పు జరిగితే విచారించి సంతకం పెట్టే బాధ్యత నాది. కాగితం మీద ఎవరి పేరైనా రాసేముందు ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టి అడుగుతాను. ఆ సమయంలో పక్కన ఉన్నవాళ్ళనూ అడుగుతాను. “నేను చూడలేదు మేడమ్” అన్నప్పుడు నమ్మేయను, కోప్పడను. తలుపు మూసి, ఇంకేమీ అడగకుండా వాళ్ళతోపాటు కాసేపు కూర్చుంటాను. చాలామంది అప్పుడే చెబుతారు. కొందరు చెప్పకుండానే లేచి వెళ్ళిపోతారు. వాళ్ళ ఇళ్ళలో ఎవరెవరి ఫీజులు కట్టాల్సి ఉందో నాకు తెలియదు.