టోపీ మీది ముడులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పారేసే వస్తువంటూ ఉండేది కాదు. అదంతా మా అత్త చలవ. ఆమె మా నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే మా దగ్గరికి వచ్చేసింది. మిషను హాస్టల్లో పెరిగింది కాబట్టి ఆమెకు చదువూ వచ్చు, కొక్కెం సూదితో లేసు అల్లడమూ వచ్చు. అంగట్లో బెల్లం కట్టిచ్చిన కాగితాన్ని కూడా చేత్తో సాపు చేసి, దాచిన కాగితాలతో కలిపి పుస్తకంగా కుట్టేది. సాయంత్రం బైబిలు వాక్యం చదివి ప్రార్థన అయ్యాక ఆ పుస్తకం నా చేతికిచ్చి పైకి చదవమనేది. తాను అల్లిక పట్టుకునేది. పొట్లాల కాగితాలు కదా, ఏ కథకూ చివర ఉండేది కాదు. చివర లేనిచోట నన్నే చెప్పమనేది. ఆ పుస్తకం ముందు ఈనాటి అట్ట పుస్తకాలేవీ నా కంటికి ఆనవు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా కంబదూరు వైపు వరుసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. వేసిన వేరుశనగ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. నాయన కరువు పనిలో కంకర కొట్టడానికి పోయేవాడు. అమ్మ నిండు చూలాలు. ఉన్న సంగటిలో పెద్ద ముద్ద నాకు పెట్టి, తనకు ఆకలి లేదనేది. నేను నమ్మేదాన్ని. నమ్మితే నాకే లాభం కదా.

ఆ రోజుల్లో చర్చి ఆవరణలో పిల్లలకు పాలపొడి కలిపి పోసేవారు. ఆ పని మా అత్తది. పొడి గుడ్డ మూటల్లో వచ్చేది. మూట మూతిని లావుపాటి తెల్ల దారంతో కుట్టేవాళ్ళు. ఆ కుట్టుకో కిటుకుంది. సరైన కొస పట్టి గుంజితే కుట్టంతా సర్రున ఊడి, దారం ఎక్కడా తెగకుండా చేతికొస్తుంది. రెండో కొస పట్టుకుంటే ఎంత లాగినా రాదు. చర్చి అయ్యగారిని అడిగి అత్త ఆ దారాలన్నీ ఉండ చుట్టి పెట్టుకునేది. పుట్టబోయే బిడ్డకు వాటితోనే టోపీ అల్లుతూ ఉండేది. చలికాలపు కాన్పు, దారం కొనే తాహతు మాకు లేదు. టోపీ నడినెత్తి నుంచి చాలావరకు దిగింది. చెవులు కప్పే అంచు ఒక్కటే మిగిలింది. వచ్చే మూట దారంతో అదీ అయిపోతుందని అత్త ధీమా.

ఆ మూట వచ్చిన రోజు అత్త నన్ను దాని దగ్గర కూర్చోబెట్టి నీళ్ళకు పోయింది. పొద్దుటి నుంచి నా కడుపులో ఏమీ పడలేదు. సరైన కొస కోసం వెతికాను, దొరకలేదు. ఇక ఆగలేక పక్కనున్న కొడవలితో కుట్టును ఎక్కడికక్కడ కోసి పారేసి, గుప్పెడు పొడి నోట్లో పోసుకున్నాను. అది అంగిలికి అంటుకుపోయింది. మింగలేను, ఉమ్మలేను. మూతి నిండా తెల్లగా పూసుకుని కళ్ళనీళ్ళు కారుస్తూ ఉండగా అత్త రానే వచ్చింది.

కొడుతుందనుకున్నాను. ముందు నీళ్ళు తాగించింది. తర్వాత ఆ దారం ముక్కలన్నీ ఏరి నా ఒడిలో వేసి, "కోసినది నువ్వే గదమ్మే. ముడేసేది గూడా నువ్వే. కూచో" అంది. ఆ సాయంత్రం పుస్తకం చదవలేదు. పదిహేడు ముడులు వేశాను.

టోపీ పూర్తయ్యాక చూస్తే నా ముడులన్నీ ఉలవ గింజల్లా పైకే కనిపిస్తున్నాయి. ముడులను లోపలికి దాచడం అల్లేవాళ్ళ పద్ధతి. అత్తకు తెలియని పద్ధతి కాదు. నాకు సిగ్గేసి, లోపలికి తొయ్యమని బతిమాలాను.

"లోపల పాప తల ఉంటాది, గుచ్చుకోదా? చూసేవాళ్ళకు బాగలేకుంటే పోనీలే" అంది.

చెల్లెలు పుట్టింది. అమ్మకు పాలు పడలేదు. అత్త పాలపొడి వేడినీళ్ళలో కలిపి, దూది ముంచి నోట్లో పిండేది. చెల్లెలు ఆరు రోజులు బతికింది. ఆ ఆరు రోజులూ టోపీ దాని తల మీదే ఉంది.

ఏడో రోజు పొద్దున ఇంటి నిండా జనం ఉంటే నేను పెరట్లో గోడ వెనక దాక్కున్నాను. పసిపిల్లల పాలపొడి దొంగతనంగా తిన్నందుకే దేవుడు చెల్లెల్ని తీసుకుపోయాడని నాకు గట్టిగా నాటుకుపోయింది. అత్త వెతుక్కుంటూ వస్తే ఆ మాటే చెప్పాను. ఆమె నా పక్కన మట్టిలోనే కూలబడింది.

"దేవుడు అట్లాంటోడు గాదు. ఆకలైంది, తింటివి. దారం కోస్తివి, ముడేస్తివి. ఆడికి అది అయిపాయ. కరువులో మీయమ్మ కడుపు మాడె, బిడ్డ నిలవలే. ఇది నీది గాదు పాపా" అంది. నా కళ్ళు తుడిచి లోపలికి తీసుకుపోయింది.

పాపను పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు పక్కింటి అవ్వ, "టోపీ తీసి పెట్టుకోండి. మళ్ళా పుట్టే బిడ్డకు అవుతాది" అంది. మా ఇంటి పద్ధతికి అదే సబబు. బెల్లం కాగితం పారెయ్యని మనిషి మా అత్త. అమ్మ అత్త వైపు చూసింది.

అత్త టోపీ అంచును చెవుల మీదికి ఇంకాస్త లాగి, "మన్ను సల్లగుంటాది అవ్వా" అంది.

పొదుపు ఎందుకు చేస్తారో నాకు ఆ పూట తెలిసింది. ఇవ్వాల్సిన చోట చెయ్యి వెనక్కి పోకుండా ఉండటానికి. ఆ సాయంత్రం కూడా వాక్యం చదివాం. తర్వాత అత్త నా చేతికి పొట్లాల పుస్తకం ఇచ్చింది. కథ సగంలో ఆగిపోయింది. ఆ ఒక్క రోజు మాత్రం చివర చెప్పమని అడగలేదు.

ఇప్పుడు నేనూ మనవళ్ళకు, మనవరాళ్ళకు టోపీలు అల్లుతాను. దారం ఉండలు దండిగా ఉన్నాయి, కోసే అవసరమూ లేదు. అయినా ఎక్కడో ఒక ముడి పడకపోదు. దాన్ని బయటికే పెడతాను. "అత్తమ్మా, తిరగేసి అల్లినట్టున్నారే" అని మా కోడలు నవ్వుతుంది. లోపల తల ఉంటుంది గదమ్మా అంటాను. అంతకు మించి చెప్పబోతే ఆ పాలపొడి మళ్ళీ అంగిలికి అంటుకుంటుంది.